సేవ్ చేయాలా అని అడగని ఎడిటర్: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి సెలవులు

లినక్స్ డెస్క్‌టాప్ మీద తెలుగులో రాసుకునేవాళ్ళ కోసం ఒక చిన్న ఎడిటర్ కడుతున్నాను. పైథాన్ భాషలో, విండోలూ బటన్లూ గీసే జీటీకే 4 లైబ్రరీ మీద. టైపింగ్, ఫాంట్లు, ఒత్తులు సరిగ్గా కూర్చోవడం లాంటివి ఇప్పటికే ఉన్న లైబ్రరీలు బాగానే చూసుకుంటున్నాయి, వాటి జోలికి పోవడం లేదు. శ్రమంతా ఒక్కచోటే పెట్టదలుచుకున్నాను: ఫైలు తెరవడం, సేవ్ చేయడం. ఇన్నేళ్ళుగా కంప్యూటర్లు వాడుతున్నాం, అయినా గంటలు కూర్చుని రాసింది పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఒకరు కనిపిస్తారు. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

వాడి చూసి చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మా పిన్ని. తెలుగు టీచరుగా రిటైరై ఇప్పుడు కథలు, ఉత్తరాలు రాసుకుంటోంది. ఇంకొకరు తెనాలిలో డీటీపీ షాపు నడిపే అన్న. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, సంతాప సభల ఫ్లెక్సీల మేటరు రోజంతా ఆయన చేతుల మీదుగా పోతుంటుంది. ఇద్దరి పనీ తెలుగు రాతే, ఫైళ్ళతో అవసరాలు మాత్రం పూర్తిగా వేరు.

కోడు మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక విషయం తేల్చుకున్నాను. సేవ్ అనే ఒక్క బటన్ కింద మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి. రాసింది పోకుండా చూడటం ఒకటి. దానికి పేరు, చోటు ఇవ్వడం రెండోది. ఇదీ నా తాజా ప్రతి, ఎవరికైనా పంపాలంటే ఇదే పంపాలి అని నిర్ణయించడం మూడోది. మొదటిది పూర్తిగా ప్రోగ్రాము బాధ్యత, మనిషిని అడగాల్సిన పనే లేదు. రెండోది, మూడోది మనిషి నిర్ణయాలు, వాటిలో ప్రోగ్రాము సొంత పెత్తనం చేయకూడదు. ఈ మూడూ విడదీయడమే ఈ ప్రాజెక్టు.

సెలవులయ్యాక

మొదటి పని, పోకుండా చూడటం. టైపింగ్ ఆగిన రెండు సెకన్లకు మొత్తం పాఠాన్ని ఒక చిత్తు ఫైల్లో రాసేలా పెట్టాను. అది హోమ్ ఫోల్డర్ లోపల ప్రోగ్రాములు తమ స్థితిని దాచుకునే చోట ఉంటుంది. క్యాషె ఫోల్డర్లో పెట్టకూడదు. డిస్కు నిండిందంటే జనం ముందు ఊడ్చేసేది క్యాషెనే, అక్కడ ఉన్నవి పోయినా పర్వాలేదనే లెక్క మీదే ఆ ఫోల్డర్ నడుస్తుంది.

రాయడం కూడా ఒక పద్ధతి ప్రకారం చేయాలి. ఉన్న ఫైలును ఖాళీ చేసి అందులోనే మళ్ళీ రాస్తే, ఆ రెండింటికీ మధ్య కరెంటు పోయిందంటే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అందుకని కొత్త పాఠాన్ని అదే ఫోల్డర్లో వేరే పేరుతో ఒక తాత్కాలిక ఫైలుగా రాసి, ఎఫ్‌సింక్ పిలిచి నిజంగా డిస్కు మీదికి చేరిందని నిర్ధారించుకుని, అప్పుడు రీనేమ్‌తో పాతదాని స్థానంలోకి తేవాలి. లినక్స్‌లో రీనేమ్ సగంలో ఆగే పని కాదు. ఆ పేరుతో చూసినవాడికి పాత ఫైలైనా కనబడుతుంది, కొత్తదైనా కనబడుతుంది, రెంటికీ మధ్యది కనబడదు. తాత్కాలిక ఫైలు అదే ఫోల్డర్లో ఎందుకంటే, ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు రీనేమ్ పనిచేయదు.

ఈ ఎఫ్‌సింక్ అవసరమా అని అడిగేవాళ్ళకు 2009 సంగతి చెప్పాలి. అప్పుడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్ళను అమర్చే ఏర్పాటు) జనంలోకి వస్తోంది. ఉబుంటు లినక్స్ 9.04ను విడుదలకు ముందే పరీక్షిస్తున్నవాళ్ళ మెషీన్లు క్రాష్ అయి మళ్ళీ లేచేసరికి కొన్ని ఫైళ్ళు సున్నా బైట్లతో మిగిలాయి. డేటాకు డిస్కు మీద చోటు కేటాయించడాన్ని ఈఎక్స్‌టీ4 ఆలస్యం చేస్తుంది, వేగం కోసం. పాత ఈఎక్స్‌టీ3 మామూలుగా 5 సెకన్లకోసారి డిస్కుకు చేరవేసేది కాబట్టి, ఎఫ్‌సింక్ లేకుండా రాసే ప్రోగ్రాములు అన్నాళ్ళూ అదృష్టం మీద బతికాయి. ఈఎక్స్‌టీ4 బాధ్యత చూసే థియోడోర్ సో తప్పు ప్రోగ్రాముల వైపు ఉందని వివరించారు, అయినా అలాంటి ప్రోగ్రాములను కాచే మార్పులు కూడా లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో పెట్టారు. నా దృష్టిలో ఆ గొడవలో రెండు పక్షాలకూ న్యాయం ఉంది. కానీ నేను రాసేది ఎడిటర్, కెర్నెల్ కాదు కాబట్టి ఎఫ్‌సింక్ నా పనే.

దీనికో చిక్కుంది. పెన్‌డ్రైవ్ మీద ఎఫ్‌సింక్ చాలా నెమ్మది. చవక రకం డ్రైవ్ అయితే కొన్ని సెకన్లు పట్టేస్తుంది, ఆ సేపూ విండో బిగుసుకుపోతే మనిషికి టెన్షన్. రాయడాన్ని పక్కన సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్‌లోకి మార్చాను. అది పూర్తయ్యేదాకా పైన ఫైలు పేరు పక్కన 'రాస్తోంది' అని ఉంటుంది, డిస్కుకు చేరాకే ఆ మాట పోతుంది. డీటీపీ షాపులో పెన్‌డ్రైవ్ ఎప్పుడు లాగాలో తెలియడానికి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు ఇంకేముంటుంది.

ఇంకో చిన్న సంగతి. రీనేమ్ పద్ధతి గుడ్డిగా వాడితే సింబాలిక్ లింకు (ఇంకో ఫైలుకు దారి చూపే గుర్తు) పోయి దాని స్థానంలో మామూలు ఫైలు కూర్చుంటుంది, ఫైలు అనుమతులు కూడా మారిపోతాయి. లింకు చివర ఉన్న అసలు ఫైలును ముందు పట్టుకుని, దాని అనుమతులు కొత్తదానికి ఇచ్చి, తర్వాతే మార్చాలి. ఇది చేశాను.

శివరాత్రి ముందు వారం

పేరు పెట్టని రాతలు. ఎడిటర్ తెరవగానే పిన్ని రాయడం మొదలుపెట్టేస్తుంది. ఆ రాత కథవుతుందో ఉత్తరమవుతుందో ఆమెకే అప్పటికి తెలియదు. అలాంటప్పుడు 'పేరేమిటి, ఎక్కడ పెట్టాలి' అని అడిగితే వచ్చే జవాబులు న్యూ, న్యూ 1, ఫైనల్, ఫైనల్ 2. తప్పు ఆమెది కాదు, జవాబు లేని వేళ ప్రశ్న అడిగిన ప్రోగ్రాముది.

కాబట్టి మా ఎడిటర్లో పేరు లేని రాతను మూసేస్తే ఏమీ అడగదు. అది చిత్తుల జాబితాలో ఉంటుంది, మళ్ళీ తెరవగానే పైన కనబడుతుంది. జాబితాలో దాని గుర్తు మొదటి వాక్యమే. పిన్ని దీన్ని చూసి, "ఇదేదో నా నోటు పుస్తకంలాగే ఉందిరా, మూసేస్తే మూసేసినట్టు, తెరిస్తే తెరిచినట్టు" అంది.

పేరు పెట్టాలనుకున్నప్పుడు మొదటి వాక్యాన్నే సూచనగా ఇస్తున్నాను. ఇక్కడే తెలుగులో పేర్లు పెట్టేవాళ్ళకు ఎదురయ్యే చిక్కులు వరసగా వచ్చిపడ్డాయి. వీటి మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించేవాళ్ళకు ఇవి ఎప్పటికీ కనబడవు.

లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. పాఠాన్ని బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు కోడ్ (అక్షరంలోని ఒక్కో ముక్కకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 85 కోడ్‌లు. అదీ అక్షరాలు కాదు, కోడ్‌లు. 'శ్రీ' అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 యూటీఎఫ్ 16 యూనిట్లు (2 బైట్ల ముక్కలు), తెలుగు కోడ్ ఒక్కోటి అక్కడ ఒక యూనిట్టే. కాబట్టి విండోస్‌లో నిక్షేపంగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లినక్స్‌కు కాపీ చేయబోతే పేరు మరీ పొడుగైందని ఆగిపోతుంది. ఇంగ్లిష్ పేర్లకు రెండు చోట్లా ఒకే హద్దు కాబట్టి ఈ తేడా ఎవరి దృష్టికీ రాదు.

మొదటి వాక్యాన్ని పేరుగా కుదించేటప్పుడు బైట్లు లెక్కపెట్టి కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది. కోడ్‌ల హద్దు దగ్గర కోసినా 'క్షేత్రం' కాస్తా 'క్షేత్' అయి చివర పొల్లుతో వేలాడుతుంది. అందుకని మాట హద్దు దగ్గరే కోస్తున్నాను, ఒక్క మాటే హద్దు దాటేంత పొడుగుంటే పూర్తి అక్షరం దగ్గర. తాత్కాలిక ఫైలు పేరు కూడా అసలు పేరుకు తోక తగిలించి తయారు చేయడం మానాను. అసలు పేరే 250 బైట్లుంటే తోకతో హద్దు దాటి, పేరు బాగున్నా సేవ్ విఫలమవుతుంది. తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ పొట్టి పేరే.

ఇక చుక్కలు. డీటీపీ అన్న టైపు చేసిన పేరు ఇది: 'పెళ్ళి పత్రిక చి.ల.సౌ.రమ'. ఫైలు పేరులో ఆఖరి చుక్క తర్వాత ఉన్నదాన్ని ఫైలు రకం చెప్పే ఎక్స్‌టెన్షన్‌గా తీసుకోవడం ప్రోగ్రాములకు అలవాటు. పైథాన్‌లో పేరును విడదీసే ఫంక్షన్ అంతే చేస్తుంది. దాని లెక్కలో ఈ ఫైలు రకం 'రమ'. ఎక్స్‌టెన్షన్ ఇప్పటికే ఉందనుకుని టీఎక్స్‌టీ అని చేర్చదు, ఆ ఫైలు డబుల్ క్లిక్ చేస్తే దేనితో తెరవాలో డెస్క్‌టాప్ తికమకపడొచ్చు. మన పేర్లన్నీ ఇంటిపేరు పొడి అక్షరాలతో, చుక్కలతోనే కదా మొదలయ్యేది. కె.వి.రావు, చి.సౌ., కీ.శే. అన్నీ ఇంతే. పరిష్కారం తేలికే: మా ఎడిటర్ రాయగలిగే రకాలు ఏవో మాకు తెలుసు, పేరు వాటిలో ఒకదానితో ముగిస్తేనే అది ఎక్స్‌టెన్షన్, లేకపోతే అదంతా పేరే.

తర్వాత ఏటవాలు గీత. పిన్ని ఉత్తరాలకు తేదీతో పేరు పెడుతుంది: 'అక్కకు ఉత్తరం 15/8'. లినక్స్‌లో ఆ గీత ఫోల్డర్ల మధ్య హద్దు, పేరులో ఉండటానికి వీల్లేదు. సేవ్ డైలాగులో దాన్ని టైపు చేస్తే 'అక్కకు ఉత్తరం 15' అనే ఫోల్డర్ ఉందనుకుని వెతుకుతుంది. మనిషికి ఆ తప్పు సందేశం అర్థమే కాదు. పేరు సూచించేటప్పుడే గీతను అడ్డగీతగా మార్చి '15-8' అని చూపిస్తున్నాను. ప్రశ్నార్థకం, కోలన్ కూడా మారుస్తున్నాను. లినక్స్‌కు వాటితో పేచీ లేదు కానీ పెన్‌డ్రైవ్‌ల మీద ఉండే ఫ్యాట్ ఫార్మాట్ వాటిని ఒప్పుకోదు. 'ఎవరిదీ తప్పు?' అని కథకు పేరు పెట్టినవాళ్ళు ప్రింటుకు బయల్దేరే వేళ ఆ సంగతి తెలుసుకోకూడదు.

ఉగాది తర్వాత

తెనాలి వెళ్ళి అన్న పక్కన కూర్చుని చూశాను. పెళ్ళిళ్ళ సీజను, షాపు ఖాళీ లేదు. ఆయన కొత్త పత్రిక ఎప్పుడూ తెల్ల పేజీ నుంచి మొదలుపెట్టడు. పార్టీ వచ్చి కూర్చోగానే పాత పత్రిక ఒకటి తెరుస్తాడు, వధూవరుల పేర్లు మారుస్తాడు, ముహూర్తం మారుస్తాడు, కళ్యాణ మండపం మారుస్తాడు, అంతా అయ్యాక సేవ్ యాజ్ కొట్టి కొత్త పేరు పెడతాడు. మార్చడం ముందు, పేరు తర్వాత. "పాత ఫైలు చెడిపోతే ఎట్టా తమ్ముడూ? వాళ్ళ తమ్ముడి పెళ్ళికి మళ్ళీ అదే అడుగుతారు" అన్నాడు.

ఆపిల్‌కు సరిగ్గా ఈ చోటే దెబ్బ తగిలింది. 2011లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ లయన్‌లో ఆటో సేవ్ పెట్టి, సేవ్ యాజ్ తీసేసి, దాని బదులు డూప్లికేట్ పెట్టారు. అంటే ముందు నకలు తీసుకోవాలి, తర్వాత మార్చాలి. అన్న లాంటివాళ్ళ చెయ్యి అలా తిరగదు, పని మధ్యలో తడితే అప్పుడే వేరే ప్రతి కావాలని తెలుస్తుంది. జనం గట్టిగా అడిగారు. 2012లో మౌంటెన్ లయన్‌లో ఆప్షన్ కీ పట్టుకుంటే సేవ్ యాజ్ కనబడేలా చేశారు. కానీ ఆటో సేవ్ అప్పటికే మార్పులను అసలు ఫైల్లోకి రాసేసి ఉండేది, సేవ్ యాజ్ కొట్టాక పాత ఫైలూ మారిపోయి కనబడేది. అసలు ఫైల్లో మార్పులు ఉంచాలా వద్దా అని అడిగే ఏర్పాటు 10.8.2తో వచ్చింది. ఆటో సేవ్ మంచి ఆలోచనే, నేనూ అదే కడుతున్నాను. ఎక్కడికి సేవ్ అవుతోందన్నది అంతకన్నా ముఖ్యం. భద్రపరచడం, తాజా ప్రతిగా నిర్ణయించడం, ఈ రెండు పనులనూ మళ్ళీ ఒకటి చేయడం వల్ల వచ్చిన గొడవ అది.

అందుకే మా ఎడిటర్లో ఆటో సేవ్ ఎప్పుడూ చిత్తులోకే. మనిషి కంట్రోల్ ఎస్ కొట్టేదాకా అసలు ఫైలు ఒక్క బైటు కూడా మారదు. ఆయన ఎంత మార్చినా, ఏ క్షణంలో సేవ్ యాజ్ కొట్టినా, పాత పత్రిక పాతదే, కొత్తది కొత్తదే.

దానికి తోడు 'నమూనాగా తెరువు' అని ఒకటి చేర్చాను. ఫైలు తెరుచుకుంటుంది కానీ పేరు లేని కొత్త రాతగా. ఇది నా ఆలోచనేమీ కాదు. 1983లో ఆపిల్ లీసా కంప్యూటర్లో స్టేషనరీ ప్యాడ్లు ఉండేవి: ప్యాడ్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కాగితం చించినట్టు కొత్త డాక్యుమెంట్ వచ్చేది, ప్యాడ్ అలాగే ఉండేది. 1991లో మ్యాక్ సిస్టమ్ 7లో కూడా ఏ ఫైలునైనా స్టేషనరీ ప్యాడ్‌గా గుర్తు పెట్టుకోవచ్చు. ఇంత పనికొచ్చేది తర్వాతి డెస్క్‌టాపుల్లో ఎందుకు మూలన పడిందో అని బాధగా ఉంటుంది. అన్న షాపులో కాసేపు కూర్చున్నవాళ్ళకు ఎవరికైనా దాని విలువ తెలుస్తుంది.

ఒక ఆదివారం

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద రిస్క్ ఓఎస్ ఎక్కించి చూశాను. 1980ల చివర్లో ఎకార్న్ కంపెనీ ఆర్కిమెడీస్ కంప్యూటర్ల కోసం చేసిన వ్యవస్థ ఇది, ఇప్పటికీ బతికే ఉంది. ఇందులో సేవ్ అంటే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఫైలు బొమ్మ, కింద పేరు, అంతే. ఆ బొమ్మను పట్టుకుని కావాల్సిన ఫోల్డర్ విండోలోకి లాగి వదలాలి. ఇంకో ప్రోగ్రాము విండోలో వదిలితే నేరుగా దానికే ఇచ్చేస్తుంది. ఫోల్డర్లు వెతుక్కోవడానికి డైలాగు లోపల ఇంకో చిన్న ఫైల్ మేనేజర్ అక్కర్లేదు, అసలు ఫైల్ మేనేజర్ కళ్ళ ముందే ఉంది కదా.

ఎంతో ముచ్చటేసింది. కానీ ఫోల్డర్ విండో ముందే తెరిచి ఉండాలి, ప్రతి విండోనూ స్క్రీన్ నిండా పెట్టుకునే ఇప్పటి అలవాటుకు అది కుదరదు, లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద లాగడం పిన్ని వేళ్ళకు కష్టం. దాన్నే ఏకైక దారిగా పెట్టలేను. అదనపు దారిగా పెట్టాను: పైన పేరు పక్కనున్న బొమ్మను లాగి ఫోల్డర్లో వదిలితే ఒక ప్రతి అక్కడ పడుతుంది. అన్న పెన్‌డ్రైవ్‌లోకి వేయడానికి ఇప్పుడు ఇదే వాడుతున్నాడు.

ఎండలు ముదిరాక

తెరవడం సంగతి. మనుషులకు ఫైలు గుర్తుండేది దారి ప్రకారం కాదు. 'మొన్న రాసింది', 'సుబ్బారావుగారి సభది', 'ఆ పావురం కథ', ఇలా గుర్తుంటుంది. 1984 నాటి మొదటి మెకింటాష్‌లో 400 కేబీ ఫ్లాపీ మీదున్న ఫైళ్ళన్నీ ఓపెన్ డైలాగులో ఒకే జాబితాగా వచ్చేవి, అప్పటి ఫైల్ సిస్టమ్‌లో నిజమైన ఫోల్డర్లే లేవు. ఉన్నవి కొద్ది ఫైళ్ళు కాబట్టి అది సరిపోయింది. డిస్కులు పెరిగి, ఫోల్డర్లలో ఫోల్డర్లు వచ్చి, డైలాగు మాత్రం పేర్ల జాబితాగానే మిగిలింది. జీటీకేలో ఫైలు ఎంచుకునే డైలాగు, ఫైల్ చూజర్, 2004లో వచ్చింది. బొమ్మలను చిన్న రూపాల్లో గళ్ళుగా చూపించమని అప్పటి నుంచీ జనం అడుగుతూనే ఉన్నారు, చివరికి 2023లో జీటీకే 4.10తో వచ్చింది. లినక్స్‌లో ఇంకో డెస్క్‌టాప్ అయిన కేడీఈ వాళ్ళు దాన్ని ఎప్పుడో ఇచ్చేశారు.

రాతకు చిన్న బొమ్మ వల్ల లాభం లేదు, అన్ని పేజీలూ ఒకలాగే కనిపిస్తాయి. మా ఎడిటర్ తెరవగానే ఈమధ్య ముట్టుకున్న రాతలు వస్తాయి: పేరు, మొదటి రెండు వాక్యాలు, చివరిసారి ఎప్పుడు దిద్దారు, ఏ ఫోల్డర్. పైన వెతికే గడి. పిన్ని ఓపెన్ డైలాగు దాకా వెళ్ళడమే దాదాపు మానేసింది.

వెతికే గడి దగ్గర మళ్ళీ తెలుగు చిక్కులు. స్నేహితుడు పాత మ్యాక్‌లో కట్టిన జిప్ ఫైలు ఒకటి ఇచ్చాడు, అందులో 'హైదరాబాద్ జ్ఞాపకాలు' అని ఫైలుంది. హైదరాబాద్ అని వెతికితే దొరకలేదు. కంటికి రెండూ అచ్చంగా ఒకటే. బైట్లు తీసి చూస్తే తేడా 'హై' దగ్గర. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, పైనున్న ఎత్వం, కింద వేలాడే గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. ఒక్కటే అయినా హైదరాబాద్‌లోనూ, కైలాసంలోనూ, రైతులోనూ ఉంది.

రెండోది కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. కొన్ని టైపింగ్ పద్ధతులు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా దాన్ని వదిలిపెడతాయి. అక్కడ ఉన్నా లేకున్నా మాట ఒకేలా కనబడుతుంది, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ఒకే ఫోల్డర్లో 'రిపోర్ట్' అని రెండు ఫైళ్ళు పక్కపక్కన ఉండగలవు, మనిషికి వాటి తేడా ఎప్పటికీ తెలియదు.

వెతికేటప్పుడు రెండు వైపులా పేర్లను ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చి, ఆ కనబడని గుర్తును తీసేసి పోలుస్తున్నాను. డిస్కు మీదున్న పేరును మాత్రం ముట్టుకోను. వేరే ప్రోగ్రాము ఆ పాత పేరుతోనే దాన్ని గుర్తు పెట్టుకుని ఉండొచ్చు. సేవ్ చేసేటప్పుడు, కంటికి ఒకేలా కనబడే పేరు అప్పటికే ఆ ఫోల్డర్లో ఉంటే చెబుతున్నాను.

వానలు మొదలయ్యాక

ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరుగా నడిచే ప్యాకేజీగా కట్టాను. ఇక్కడ ఫైల్ డైలాగు మనది కాదు, డెస్క్‌టాప్‌ది. ప్రోగ్రాము పోర్టల్ అనే మధ్యవర్తిని అడుగుతుంది, డెస్క్‌టాప్ తన డైలాగు చూపిస్తుంది, మనిషి ఎంచుకున్న ఆ ఒక్క ఫైలే ప్రోగ్రాముకు అందుతుంది. మిగతా హోమ్ ఫోల్డర్ కంటికే కనబడదు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఫైలు ఎంచుకోవడమే అనుమతి ఇవ్వడం, మళ్ళీ వేరే ప్రశ్న అక్కర్లేదు. కేడీఈ వాడేవాళ్ళకు కేడీఈ డైలాగు, గ్నోమ్ వాళ్ళకు గ్నోమ్ డైలాగు రావడం ఇంకో లాభం.

ఇది ఒక పాత దురలవాటును కూడా బయటపెట్టింది. చాలా ప్రోగ్రాములు మనిషి పేరు ఇచ్చాక, డైలాగు మూసుకున్నాక, చివర ఎక్స్‌టెన్షన్ చేర్చుకుంటాయి. 'ఈ పేరుతో ఫైలుంది, దాని మీద రాయాలా' అని డైలాగు అడిగేది మనిషి టైపు చేసిన పేరు గురించి. తర్వాత టీఎక్స్‌టీ చేరిస్తే అది వేరే పేరు, ఆ పేరుతో అప్పటికే ఒక ఫైలుంటే ఎవరినీ అడగకుండానే దాన్ని తుడిచేస్తుంది. పోర్టల్‌లో అయితే ఆ కొత్త పేరుకు అనుమతే ఉండదు కాబట్టి సేవ్ విఫలమవుతుంది. ఎక్స్‌టెన్షన్ చేర్చిన పేరునే డైలాగుకు ముందుగా ఇస్తున్నాను. మనిషి దాన్ని చెరిపేస్తే చెరిపేసినట్టే, తర్వాత ఏమీ తగిలించను.

పోర్టల్ ఇచ్చే దారి రన్ ఫోల్డర్ కింద ఏవో అంకెలు, అక్షరాలతో ఉంటుంది. దాన్ని టైటిల్లో చూపిస్తే పిన్నికి కంగారు. ఫ్లాట్‌ప్యాక్‌లో ఫైలు పేరు మాత్రమే చూపిస్తున్నాను.

ఈ వారం

మూసేటప్పుడు అడగాలా వద్దా. పేరు లేని రాతలకు అడగం, అది తేలిపోయింది. పేరున్న ఫైలు మార్చి, కంట్రోల్ ఎస్ కొట్టకుండా మూస్తే? ఏమీ అడగని పద్ధతిని ముందు పిన్నికి ఇచ్చి చూశాను. మార్పులు చిత్తులో భద్రంగా ఉన్నాయి, మళ్ళీ తెరిస్తే కనబడ్డాయి. కానీ ఆమె మధ్యలో ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రింటుకు వెళ్ళింది. పాత పాఠం ప్రింటై వచ్చింది. "ఒరే నాన్నా, రాత్రి కూర్చుని దిద్దినవన్నీ ఇందులో లేవేమిటి?" అని ఫోను చేసింది. ఫైలు బయటికి వెళ్ళే వస్తువు. మెయిల్లో వెళ్తుంది, పెన్‌డ్రైవ్‌లో వెళ్తుంది, ఇంకో ప్రోగ్రాము దాన్ని తెరుస్తుంది. వాటికి మన చిత్తు సంగతి తెలియదు. కాబట్టి ఈ ఒక్కచోట ప్రశ్న న్యాయమైనదే.

ప్రశ్న రూపం మాత్రం మార్చాను. సేవ్, డోంట్ సేవ్, క్యాన్సిల్ అనే మూడు బటన్లలో మధ్యది ఒక్క నొక్కుతో రాత్రంతా పడిన కష్టాన్ని పారేస్తుంది. మా దాంట్లో రెండే: 'ఫైల్లో కలుపు', 'చిత్తుగానే ఉంచు'. ఏది నొక్కినా ఏదీ పోదు. ఎస్కేప్ కొడితే మళ్ళీ రాతలోకి వస్తారు. పారేయాలంటే చిత్తుల జాబితాలోకి వెళ్ళి, చూసి, పారేయాలి. కలపని మార్పులున్న ఫైలు పేరు పక్కన ఈమధ్య రాతల జాబితాలో 'కలపనివి ఉన్నాయి' అని మాటల్లోనే రాయించాను. చుక్కో, నక్షత్రమో పెడితే దాని అర్థం పిన్నికి మళ్ళీ నేను చెప్పాల్సి వస్తుంది.

ఇంకో పక్క, చిత్తు రాస్తున్నప్పుడు అసలు ఫైలు వేరే ప్రోగ్రాము మార్చి ఉండొచ్చు. కలిపే ముందు ఫైలు చివరిసారి మారిన సమయం, సైజు చూస్తున్నాను. మనం తెరిచినప్పటికన్నా మారి ఉంటే రెండు ప్రతులనూ పక్కపక్కన చూపిస్తుంది. వాక్యం వాక్యంగా తేడాలు గుర్తించి చూపించడం ఇంకా రాయలేదు, వచ్చే పని అదే.

చిత్తులు ఎన్నాళ్ళు ఉంచాలని అన్న అడిగాడు, డిస్కు నిండదా అని. ఒక పేజీలో 1,500 కోడ్‌లు వేసుకున్నా 4.5 కేబీ. 300 పేజీల నవల కూడా ఒకటిన్నర ఎంబీ లోపే. కాబట్టి ఎడిటర్ తనంతట తాను ఏ చిత్తునూ తీసేయదు, గడువంటూ పెట్టలేదు. పిన్ని జాబితాలో ఇప్పటికే చాలా పోగయ్యాయి, ఆమెకు నెలలవారీగా విడదీసి చూపించమని కోరిక. తేడాలు చూపించే పని అయ్యాక అది అందుకుంటాను.